గాలం కట్టెకు కొత్త పిడి

నురగ ఇంకా పొంగుతూనే ఉంది. అరలీటరు నీళ్ళ బాటిల్‌కు అడుగు కోసేసి, లోపల కొబ్బరినూనె రాసి, గాలం కట్టె మొదలును దాంట్లోంచి దూర్చి, కింద గుడ్డపీలిక కుక్కి, నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి, ఫోమ్ డబ్బా గొట్టాన్ని లోపలికి పెట్టి నొక్కి, సరిగ్గా సగానికి ఆపేశాడు జితేందర్. సగానికి ఆపాలని, మిగతా సగం అదే పొంగి నింపుకుంటుందని, ఆశపడి మూతిదాకా కొడితే బాటిల్ పగిలి ముఖాన పడుతుందని, ఒంటికి అంటితే చర్మం ఊడాలే తప్ప అది ఊడదని ఈ మేడిపల్లి మండలం మొత్తంలో తనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు గనక. తలుపు చౌకట్టుకూ గోడకూ మధ్య సందు పూడ్చే మందు ఇది, గాలానికేంది అని సిరిసిల్లలో దుకాణపాయన నవ్వనే నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఇప్పుడు రెండు దాటింది. నురగ గట్టిపడటానికి గంట. చెక్కడానికి, గరుకు కాగితం పట్టడానికి ఇంకో గంటన్నర. నాలుగున్నరకు ఊర్మిల బడి నుంచి వస్తుంది. ఐదింటికి కోరుట్ల నుంచి సాయిలు కారు వస్తుంది, తనను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోవడానికి. మధ్యలో మిగిలేది అరగంట. ఆ అరగంటలో బిడ్డ ఈ కట్టెను చేతిలోకి తీసుకోవాలి, గట్టిగా పట్టుకోవాలి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బాపూ అనాలి. సెలవు మీద వచ్చి నలభై మూడు రోజులైంది, ఒక్కనాడూ అనలేదు. నువ్వు అంది. ఇగో అంది. వాళ్ళమ్మతో, అన్నానికి రమ్మను అని కబురు చెప్పింది, తను రెండు గజాల దూరంలో కూర్చుని వింటుండగానే. బాపు అన్న మాట మాత్రం ఆ పిల్ల నోట్లో ఎక్కడో ఇరుక్కుపోయింది.

బాటిల్ మూతి దగ్గర నురగ తల ఎత్తింది. లేత పసుపు, జున్ను రంగు. పొద్దున్నే దించిన కుండ మీద కల్లు ఇట్లాగే పొంగేది, బుసబుసమంటూ, ఈగలను మోసుకుంటూ. దీనికి ఆ చప్పుడు లేదు, ఆ పులుపు వాసన లేదు, దవాఖానలో గచ్చు కడిగినప్పటి వాసన. నాయిన ఉంటే ముక్కు చిట్లించేవాడు. నాయిన లస్మయ్య మాట తక్కువ మనిషి, కొడుకును ఎత్తుకున్నట్టు గానీ, తల నిమిరినట్టు గానీ జితేందర్‌కు జ్ఞాపకం లేదు, ఒక్కరోజు తప్ప. పదహారో ఏట, మోకు కొలత తీసిన రోజు. మోకు అంటే కల్లు గీసే గౌండ్లాయన నడుమునూ తాటిచెట్టునూ కలిపి కట్టే తాడు. వదులైతే మనిషి జారుతాడు, బిగుతైతే పైన ఊపిరాడదు. అందుకే ఒకరి మోకు ఇంకొకరు వేసుకోరు, అన్నది తమ్ముడు వేసుకోడు, తండ్రిది కొడుకు వేసుకోడు. చెట్టు మొదట్లో నిలబెట్టి, నడుము చుట్టూ చేతులు వేసి, జానెడు, ఇంకో జానెడు, ఊపిరి పీల్చురా, ఇడువు, మళ్ళా పీల్చు, అంటూ నాయిన తన ఒంటిని రెండు చేతులతో కొలిచాడు. గరుకు చేతులు. కల్లు వాసన. అంత దగ్గరగా ముఖం ఎప్పుడూ చూడలేదు, కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు కూడా ఆనాడే చూశాడు. ఆ మోకు ఎంత బాగా కుదిరిందంటే, ఎక్కినప్పుడు అది ఉందన్న ఎరుకే ఉండేది కాదు. రెండేళ్ళు ఎక్కాడు. తర్వాత వరద కాల్వ తవ్వారు, తమ వాటా తాటిచెట్లన్నీ కాల్వలో పోయాయి, మోకు గోడకు వేలాడింది, తను సిరిసిల్ల పోయి మరమగ్గాల మోతలో నాలుగేళ్ళు చెవులు పోగొట్టుకున్నాడు, అక్కడా పని సన్నగిల్లితే అందరి దారే పట్టి మస్కట్ విమానం ఎక్కాడు. ఆ రోజు నడుముకు మోకు లేదు, ఎవరి కొలతకో ఉన్న సీటు పట్టీ తప్ప. అంత ఎత్తుకు ఏ తాడూ లేకుండా పోవడం అదే మొదలు, పక్క సీటు రుద్రంగి మనిషి ఏడుస్తున్నాడు, తను మాత్రం ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదేమో.

నీడ జరిగింది. ఎండ వాకిట్లోని బాటిల్ మీదికి వచ్చింది, మంచిదే, ఎండకు తొందరగా గట్టిపడుతుంది. మస్కట్‌లో అయితే అరగంట చాలు. మస్కట్ కూడా కాదు, ఇంకా అవతల, సముద్రం ఒడ్డున ఊరు, అర్బాబ్ ఖర్జూర తోట. అక్కడ యజమానిని అర్బాబ్ అనాలి. ముసలాయన మంచివాడే, పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకుంటాడు గానీ కొట్టడు, తిట్టడు, పండక్కి కొత్త లుంగీ ఇస్తాడు. ఆయనకు చేపల పిచ్చి. సాయంత్రమైతే చాలు, సముద్రం ఒడ్డున గాలం పట్టుకుని నిలబడాలి, పక్కన జితేందర్ బకెట్ పట్టుకుని నిలబడాలి. కానీ ఆయన కుడిచెయ్యి కీళ్ళ నొప్పితో పాడైంది. చూపుడువేలు ఎప్పుడో పడవ తాడులో పడి విరిగి బయటికి వంకర తిరిగింది, చిటికెనవేలు గణుపు రేగుపండంత వాచింది, బొటనవేలి మొదట్లో కండ ఇంత ఎత్తు. దుకాణంలో కొన్న కట్టెల పిడి ఏదీ ఆ చేతిలో నిలవదు. ఓరోజు తలుపులు బిగించడానికొచ్చిన మలయాళీ వదిలేసిన ఫోమ్ డబ్బా చూసి జితేందర్‌కే తట్టింది, ఈ నురగతో పిడి చేసి, ఆ చేతికి సరిపోయేట్టు చెక్కితే? మొదటిసారి తెలివి తక్కువై పచ్చి నురగ మీదే ఆయన చెయ్యి వేయించాడు, చేతికి తొడిగిన కవరు చిరిగి వేళ్ళకు అంటుకుని, పది రోజులు ఆయన ఆ చేత్తో అన్నం తినలేదు. తర్వాత చెక్కడం నేర్చాడు. ఉప్పు గాలికి, ఎండకు పిడి మూడు నెలల్లో పొడిపొడి అయిపోతుంది, మళ్ళీ కొత్తది, మళ్ళీ కొత్తది. పదకొండేళ్ళలో ఎన్ని చేశాడో లెక్కే లేదు. చెక్కుతూ చెక్కుతూ, మధ్యమధ్య ఆ ముసలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేలు వేలూ తడిమి, గుంత లోతు చూసి, మళ్ళీ చెక్కి. అర్బాబ్ కళ్ళు మూసుకుని, రెండో చేత్తో తస్బీ, అదే వాళ్ళ జపమాల, తిప్పుకుంటూ చెయ్యి వదిలేసి కూర్చునేవాడు, బిడ్డకు జడ అల్లుతుంటే తల వదిలేసినట్టు. ఈ కట్టె కూడా ఆయనదే, పిడి ఊడిపోయిందని అవతల పారేస్తే అడిగి తెచ్చుకున్నాడు. రెండు ముక్కలుగా విడిపోతుంది, పెట్టెలో పట్టింది.

ఎందుకు తెచ్చాడంటే బిడ్డ కోసమే. నాయిన చివరి రోజుల్లో చెట్టు మీద నుంచి పడ్డాడు, ఊరి చెట్టు, తన చెట్టు కూడా కాదు, కూలికి ఎక్కినది. కాలు ఇక నిలవలేదు. అప్పటి నుంచి తాతా మనవరాలూ ఆ కాల్వ గట్టునే కూర్చుని, వెదురు బద్దకు దారం కట్టి, ఎర్రలు గుచ్చి, జెల్ల చేపలు పట్టేవాళ్ళట, ఓసారి కొర్రమట్ట కూడా పడిందట. తాతతో గంటలు గంటలు మాట్లాడేదట పిల్ల. పెళ్ళాం ప్రేమలత ఫోన్లో చెబుతుంటే తనకు సంతోషం, ఆ సంతోషం అడుగున ఏదో మంట. తాత పోయాక కూడా ఒక్కతే పోయి కూర్చుంటుందట. తాత పోయిన నాడు రాలేకపోయాడు, కరోనా, విమానాల్లేవు, ఫోన్లోనే చూపించారు, ముఖం చూపించారు. ఫోన్లో ఎప్పుడూ ముఖమే. పోయినసారి సెలవు అయిపోయి ఊర్మిల ఏడో ఏట వదిలిపోయాడు, మళ్ళీ వచ్చేసరికి పదమూడు, ఈ మధ్య ఆరేళ్ళూ శుక్రవారం శుక్రవారం ముఖం చూశాడు. పళ్ళు ఊడటం చూశాడు, మళ్ళీ రావడం చూశాడు, చెవులు కుట్టించుకోవడం, మొదట్లో బాపూ బాపూ అని అరవడం, తర్వాత ఆ అనడం తగ్గడం, తర్వాత ఆఁ, ఊఁ, అమ్మకిస్తున్న అని ఫోన్ తిప్పేయడం, అన్నీ చూశాడు. పిల్లకు ఏ సబ్బు ఇష్టమో, ఏ లెక్కలు రావో కూడా తెలుసు తనకు. తెలియదని ఎవరన్నా అంటే కొట్లాటకు పోతాడు.

"గా బుడ్డి ముంగట కూసుంటే పెట్టె ఎవలు కట్టాలె?" అంటూ ప్రేమలత లోపలి నుంచి వచ్చింది. బీడీల చాట పక్కన పెట్టి అట్టపెట్టెకు తాడు బిగిస్తోంది, మామిడికాయ తొక్కు, కారప్పొడి, మక్కపేలాలు, పైన పెద్ద నల్లక్షరాలతో పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఆమె చేతులు ఎంత పనిలో ఉన్నా ముఖం ఏదీ చెప్పదు, ఆరేళ్ళకోసారి వచ్చే మొగుడి ముందు ముఖం ఎట్లా పెట్టుకోవాలో ఆమెకూ తెలియదు పాపం, తనకూ తెలియదు. ఇన్ని రోజులు దొరకనిది ఇయ్యాలే దొరకాల్నా అని సణిగింది. నిజమే. వచ్చిన తెల్లారే మొదలుపెట్టాల్సిన పని. మేడిపల్లిలో ఈ డబ్బా పేరు చెబితే ఎవరికీ తెలియలేదు, కోరుట్లలో రేపు రమ్మన్నారు, జగిత్యాలలో తెప్పిస్తామన్నారు, ఈలోగా చుట్టాలు, పెళ్ళిళ్ళు, ఇంటిపైకప్పు, బావమరిది చంద్రయ్య సిరిసిల్లలో ఆటో తిప్పుతాడు గనక అతను వెతికి మొన్న చెప్పాడు, నిన్న పోయి తెచ్చుకున్నాడు. ఒక్కటే ఉంది. ఒకసారి మూతి విప్పితే ఇక అంతే, గొట్టంలో మిగిలింది గంటలో రాయి అయిపోతుంది, దాచుకోవడానికి లేదు. అందుకే మిగిలిన సగాన్ని వృథా ఎందుకని ప్రేమలత వంటింటి గోడకు పందికొక్కు చేసిన బొక్కలో కొట్టించింది. అది కూడా ఈపాటికి పొంగి ఉంటుంది. ఆమె తాడు ముడి పళ్ళతో లాగి, ఏదో అడగాలని అడిగినట్టు అడిగింది.

"దాని చెయ్యికి సరిపోతదా?"

"కండ్లు మూసుకోని చెక్కుత. నా చేతులకు ఎరుకే."

మూడుంపావు. వేలితో నొక్కి చూశాడు, లొట్ట పడలేదు. బాటిల్‌ను నిలువునా చీల్చి ఒలిచాడు. నూనె పుణ్యమా అని ప్లాస్టిక్ తేలిగ్గా వచ్చేసింది, లోపల కట్టెను కరుచుకుని లావుపాటి పసుపు ముద్ద, మక్కకంకంత. కట్టెకు ముందే గరుకు దారం చుట్టాడు గనక కదలదు, తిరగదు. గోడకున్న నాయిన గీతకత్తి తీశాడు. దాని పక్కనే మోకు ఇంకా వేలాడుతోంది, బూజు పట్టి, దాని నిండా తన పదహారేళ్ళ నడుము కొలత. కత్తికి పదును అట్లాగే ఉంది, ఎవరు పెట్టారో, బహుశా పిల్లే, తాత నేర్పి ఉంటాడు. మొదటి పొర చెక్కితే నురగ పేలాల్లాగా రాలింది. చేతులకు పని దొరికింది, మనసు ఎటు పోతే అటు పోనిచ్చాడు. ఎటు పోతుంది, ఈ సాయంత్రానికే పోయింది. పిల్ల సైకిల్ దిగుతుంది. సంచీ అరుగు మీద పడేస్తుంది. ఇగో, అని తను కట్టె చాపుతాడు. ఏమీ అనకూడదు, అట్లా చాపాలంతే, నాయిన మోకు ఇచ్చినట్టు. పిల్ల పట్టుకుంటుంది, వేళ్ళన్నీ వాటి వాటి గుంతల్లో చక్కగా కూర్చుంటాయి, ఆశ్చర్యపోతుంది, నీకెట్లా తెలుసు అంటుంది, ఆ వెనకే ఆ మాట వస్తుంది. రాదా? వస్తుంది. కొత్తలో ఏదో చెప్పాలి గదా అని అన్నాల దగ్గర రోజూ ఏం చెప్పాడు, అర్బాబ్ కథలే. అర్బాబ్ పట్టిన సొరచేప, అర్బాబ్ వంకర వేలు, అర్బాబ్ ఒంటె. పదకొండేళ్ళు వేరే ఏం చూశాడు గనక చెప్పడానికి. పిల్ల వినేది, పళ్ళెంలోకి చూస్తూ. అన్నాలయ్యాక తల్లి పక్కనే చాట ముందు కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కూడా వినేది, కత్తెర చప్పుడు ఆగేది కాదు, తను ఆ కనురెప్పల వైపే చూస్తూ, ఇప్పుడు ఎత్తుతుంది, ఇప్పుడు ఎత్తుతుంది అని. ఎత్తేది కాదు. బొటనవేలి చోటు కాస్త ఎత్తుగా ఉంచి, మొదటి గుంత, రెండోది, దానికంటే మూడోది లోతు, నాలుగోది వెడల్పు, కత్తి ఎక్కడా తడబడలేదు. గరుకు కాగితం పట్టాడు. నున్నగా వచ్చింది. ఇంత అందంగా ఏదీ చేయలేదనిపించింది, సైకిల్ ట్యూబు చీల్చి పైనుంచి చుడదామనుకున్నాడు గానీ టైము లేదు. వద్దులే, ఇట్లాగే బాగుంది.

సైకిల్ గంట మోగలేదు, సైకిలే నిలబడింది. ఊర్మిల దిగింది, సంచీ అరుగు మీద పడేసింది. అప్పటికే అట్టపెట్టె గుమ్మంలో ఉండటం చూసి, ఐదింటికే గదా అంది వాళ్ళమ్మతో. ఐదింటికే, అంది ప్రేమలత. జితేందర్ లేచి, ముందే అనుకున్నట్టు, ఏమీ అనకుండా కట్టె చాపాడు. పిల్ల చూసింది. అందుకుంది. కుడిచేత్తో పిడి పట్టుకుంది, పట్టు దొరక్క ఇంకోలా పట్టుకుంది. ఆ చెయ్యి పిడి చుట్టూ సగం దాకే పోయింది. చూపుడువేలు మొదటి గుంతలో పెడితే నడిమివేలు గట్టు మీద పడుతోంది, నడిమివేలు గుంతలో పెడితే చిటికెనవేలు గాల్లో ఉంటోంది. మొదటి గుంత అవతలి వైపుకు వంకర పోయింది, ఆ వంకరలోకి తిరగాలంటే వేలు విరగాలి. చివరన రేగుపండంత గుంత, దాంట్లో ఏమీ లేదు. పిల్ల ఎడమచెయ్యి కూడా వేసింది, రెండు చేతులతో పట్టుకుంది, కట్టె కొస నేలకు వాలింది. తర్వాత పిడిని ముఖం దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసింది.

"గిది ఎవలి చెయ్యి?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. జితేందర్ కట్టె తీసుకుని చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. వంకర వేలు, వాచిన గణుపు, బొటనవేలి కింద ఎత్తు కండ, అన్నీ ఉన్నాయి, ముసలాయన తస్బీ వదిలి ఇక్కడ వాకిట్లో చెయ్యి చాపి కూర్చున్నట్టే. తన చేతులకు ఎరుకే. ఎరుకైన చెయ్యి అదొక్కటే మరి. నలభై మూడు రోజులు పక్కన కూర్చుని కత్తెర పట్టింది ఈ పిల్ల, తను కళ్ళకేసి చూశాడు. ఆరేళ్ళు ఫోన్ పట్టుకుంది ఈ పిల్ల, ఫోన్ పట్టుకున్న చెయ్యి ఫోన్లో కనపడదు గదా, ఆ సంగతి ఒక్కనాడన్నా తట్టిందా వెధవ బుర్రకు. ఇంకొంచెం చెక్కుతానుండు, ఐదు నిమిషాలే, అంటూ కత్తి అందుకున్నాడు. రెండు పొరలు తీయగానే కత్తికి దారం తగిలింది. లావు వేళ్ళ గుంతలు, ఎప్పుడో కట్టె దాకా దిగిపోయాయి, ఇక తీయడానికి కింద ఏమీ లేదు. పూడ్చడానికి డబ్బాలోనూ లేదు. అయినా గొట్టం నొక్కి చూశాడు, రాయి. వంటింటి గోడ బొక్కలో మాత్రం పసుపు ముద్ద నిండుగా, పుష్కలంగా పొంగి ఉంది. తన చెయ్యి వేసి పట్టుకుని చూశాడు పిడిని, ఏం చూద్దామనో. తన వేళ్ళు కూడా సరిపోలేదు.

వాకిట్లో కారు హారన్ కొట్టింది. సాయిలు దిగకుండానే, అన్నా, జగిత్యాల కాడ ఇంకో ఇద్దర్ని ఎక్కించుకోవాలె, జల్ది, అన్నాడు. అట్టపెట్టె డిక్కీలోకి పోయింది. సూట్‌కేసు పోయింది. ప్రేమలత కొంగుతో ముఖం తుడుచుకుంది, చెమటే అనుకోవాలి. వచ్చేసారి నీకు, అని జితేందర్ మొదలుపెట్టి ఆపాడు. వచ్చేసారికి ఎన్నేళ్ళో, అప్పటికి ఆ చెయ్యి ఎంతవుతుందో, ఎవరింట్లో ఉంటుందో. కట్టెను గోడకు, మోకు పక్కన, ఆనించి వెళ్ళి కారెక్కాడు. ఊర్మిల దాన్ని మళ్ళీ తీసి, రెండు ముక్కలూ విడదీసి, పిడి ఉన్న ముక్కను కారు కిటికీలోంచి తండ్రి ఒళ్ళో పెట్టింది. పెద్దవాళ్ళు మరిచిపోయిన వస్తువు గుర్తుచేసినట్టు, మర్యాదగా.

"నువ్వే తీస్కపో. ఆయనకు సరిపోతది."

కారు కదిలింది. బాపుకు టాటా చెప్పు అని ప్రేమలత అనడం వినపడింది. పిల్ల చెయ్యి ఎత్తింది. అప్పుడు చూశాడు జితేందర్, మొదటిసారి, మొత్తం చెయ్యి, అరచెయ్యి, అయిదు వేళ్ళు, నడిమివేలి మీద కత్తెరకు కాసిన కాయ, చిటికెనవేలి పక్కన నీలం సిరా. కిటికీలోంచి తలంతా బయట పెట్టి తన బొటనవేలూ చూపుడువేలూ జానలాగా చాపి, ఒక కన్ను మూసి, ఆ చెయ్యి ఎంత ఉందో పట్టుకుందామని చూశాడు. జానెడు లేదు. బెత్తెడు ఉంది. అని అనుకునేలోపు కారు కాల్వ బ్రిడ్జి ఎక్కింది, ఆ చెయ్యి ఇంకా చిన్నదయింది, రెండు వేళ్ళ మధ్య ఎంత తగ్గించినా దానికంటే చిన్నదవుతూనే పోయింది. అన్నా, తల లోపలికి పెట్టు, లారీ వస్తున్నది, అన్నాడు సాయిలు.